నైరోబీ ఉద్యోగం, విలేకరి రాసిన పుస్తకం: ఎంత నమ్మాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తుంటాను. కెన్యా రాజధాని నైరోబీలో మందులు పంపిణీ చేసే ఒక కంపెనీ ఫైనాన్స్ మేనేజర్‌గా రమ్మంటోంది. ఉగాండాలోని కంపాలా, రువాండాలోని కిగాలీలలో కూడా వాళ్లకు బ్రాంచీలున్నాయి, మధ్యమధ్యలో వెళ్లిరావాలట. ఆ దేశం సంగతి కాస్త తెలుసుకుందామని మిషెలా రాంగ్ అనే బ్రిటిష్ జర్నలిస్టు కెన్యా మీద రాసిన ‘ఇట్స్ అవర్ టర్న్ టు ఈట్’ తెప్పించుకుని చదివాను. చదివిన దగ్గర్నుంచి టెన్షన్ పట్టుకుంది. మంత్రుల స్థాయిలోనే అవినీతి ఇలా ఉంటే, లెక్కలు రాసేవాడిగా అక్కడికెళ్లి ఎందులో ఇరుక్కుంటానో అని. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో చాలా ఏళ్లు పనిచేసొచ్చిన మా బాబాయి మాత్రం ‘తెల్లవాళ్లు ఆఫ్రికా మీద రాసేదంతా హోటల్లో కూర్చుని అల్లిన కథే, అవి చదివి మనసు పాడుచేసుకోకు’ అంటున్నారు. మా ఆవిడ పుస్తకం వెనక అట్ట చదివి అసలు వెళ్లొద్దంటోంది. ఒక విదేశీ విలేకరి ఇంకో దేశం రాజకీయాల గురించి రాస్తే ఎంతవరకు నమ్మాలి? ఇంకేమైనా చదవాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: పుస్తకాన్ని చాలావరకు నమ్మొచ్చు. కానీ ఉద్యోగానికి వెళ్లాలా వద్దా అన్నది ఆ పుస్తకాన్ని బట్టి తేల్చుకోకండి. ఈ రెండూ కలిసిపోయి మీకు నిద్ర పట్టనట్టుంది. ముందు పుస్తకం సంగతి చూద్దాం.

మీరు దాన్ని థ్రిల్లర్ చదివినట్టు చదివారు. ఈసారి అకౌంటెంట్‌గా చదవండి. పాస్‌పోర్టుల కాంట్రాక్టు గురించి చెప్పిన పేజీలు తీయండి. కెన్యా ప్రభుత్వానికి కొత్త పాస్‌పోర్టులు ముద్రించే వ్యవస్థ కావలసి వచ్చింది. ఒక ఫ్రెంచ్ కంపెనీ సుమారు 60 లక్షల యూరోలకు చేస్తానంది. చివరికి కాంట్రాక్టు ఆంగ్లో లీజింగ్ అనే సంస్థకు 3 కోట్ల యూరోలకు వెళ్లింది. పని మాత్రం అదే ఫ్రెంచ్ కంపెనీతో చేయించాలన్నది ఏర్పాటు. మధ్యలో తేడా ఎంతో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఆంగ్లో లీజింగ్ ఇచ్చిన లివర్‌పూల్ చిరునామాలో వెతికితే కంపెనీ అన్నదే కనబడలేదు. 2004 ఏప్రిల్‌లో ఒక ప్రతిపక్ష ఎంపీ పార్లమెంటులో ఈ సంగతి బయటపెట్టాడు. ఆ తర్వాత జరిగింది చూడండి: అప్పటికి చెల్లించిన అడ్వాన్సు, దాదాపు 10 లక్షల యూరోలు, తిరిగి ప్రభుత్వ ఖాతాలోకి వచ్చి పడింది. ఎవరు పంపారో ఎవరూ ఒప్పుకోలేదు. లేని కంపెనీ డబ్బు వాపసు చేసింది! మీ ఆఫీసులో ఒక వెండర్ అడగకుండానే అడ్వాన్సు తిప్పి పంపిస్తే మీరు ఊరుకుంటారా? అక్కడ ప్రభుత్వం తరఫున అవినీతి నిరోధం చూసే జాన్ గిథోంగో ఊరుకోలేదు. తవ్వితే ఇలాంటి కాంట్రాక్టులు 18 తేలాయి, మొత్తం విలువ 77 కోట్ల డాలర్లు. ఫోరెన్సిక్ ల్యాబ్, నౌకాదళానికి ఓడ, పోలీసు పరికరాలు. అన్నీ భద్రతకు సంబంధించినవే, అందుకే టెండరు గొడవ లేదు, ఎవరూ అడక్కూడదు.

ఇలాంటి చోట రాంగ్‌ను నమ్మడానికి సందేహించనక్కర్లేదు. కాంట్రాక్టు ఉంది, అంకె ఉంది, తేదీ ఉంది, పార్లమెంటు రికార్డు ఉంది. గిథోంగో తయారుచేసిన నివేదిక 2006 జనవరిలో నైరోబీ పత్రికల్లోనే వచ్చింది. అది వచ్చిన కొద్ది రోజులకే ఆర్థిక మంత్రి రాజీనామా చేశాడు, మరో ఇద్దరు మంత్రులు పక్కకు తప్పుకున్నారు. పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీ లండన్ వెళ్లి మరీ గిథోంగో వాంగ్మూలం తీసుకుంది. పుస్తకం వచ్చింది ఆ తర్వాత, 2009లో. కాబట్టి ‘తెల్లావిడ అల్లిన కథ’ అన్న మాట ఈ భాగానికి అతకదు. కథ బయటపెట్టింది కెన్యావాళ్లు. ఆవిడ దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక వరసలో చెప్పింది.

ఎక్కడ జాగ్రత్తపడాలంటే, గిథోంగో గురించి ఆవిడ రాసిన చోట. ఆయన ఆవిడకు స్నేహితుడు. 2002 డిసెంబర్ 30న నైరోబీ ఉహురు పార్కులో కారు ప్రమాదం దెబ్బలతో చక్రాల కుర్చీలో కూర్చునే మ్వాయ్ కిబాకీ అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి 39 ఏళ్లుగా పాలిస్తున్న కాను పార్టీ దిగిపోయింది, జనం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కొద్ది రోజులకే అవినీతి నిరోధం చూసుకొమ్మని జర్నలిస్టుగా పేరున్న గిథోంగోను తెచ్చి అధ్యక్ష భవనం ఆవరణలోనే ఆఫీసిచ్చారు. రెండేళ్లు గడిచాయి. మంత్రులతో మాట్లాడిన మాటల్ని రహస్యంగా రికార్డు చేసుకుంటూ వచ్చిన ఆ మనిషి, 2005 ఫిబ్రవరిలో లండన్ వెళ్లి అక్కడి నుంచే రాజీనామా పంపించి, సామాను తీసుకుని వచ్చి చేరింది ఎవరింటికో తెలుసుగా, రాంగ్ ఫ్లాట్‌కే. ఇంట్లో దాక్కున్న మనిషి గురించి పుస్తకం రాస్తే అన్ని విషయాలూ దగ్గర్నుంచి తెలుస్తాయి. అవతలివాళ్లు ఏమంటారన్నది మాత్రం పలచబడిపోతుంది. టేపులో మాట్లాడిన మంత్రులు ఆరోపణల్ని ఖండించారు. పక్కకు తప్పుకున్నవాళ్లలో కొందరు 2006 నవంబర్‌కే మళ్లీ మంత్రివర్గంలోకి వచ్చేశారు. 2019లో కెన్యా హైకోర్టు, ఒక మాజీ మంత్రి పరువు తీశాడని చెప్పి, గిథోంగో ఆయనకు 2 కోట్ల 70 లక్షల షిల్లింగులు కట్టాలని తీర్పిచ్చింది. పుస్తకం మూసేసేటప్పటికి ఆయన మీకు హీరోలా కనబడి ఉంటాడు. నాకూ అలాగే కనబడ్డాడు, ఇప్పటికీ ఆయన మీద గౌరవముంది. కానీ ఆ తీర్పు కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

ఇంకో సంగతి. ఆ ఆంగ్లో లీజింగ్ కథ 2009తో ముగిసిపోలేదు. సర్కారు ముందే ప్రామిసరీ నోట్లు సంతకం పెట్టి ఇచ్చేసింది కదా, ఆ నోట్లు పట్టుకుని కంపెనీలు విదేశీ కోర్టులకెళ్లి గెలిచాయి. 2014లో కెన్యా మొదటిసారి యూరోబాండ్ (విదేశీ మార్కెట్లో అప్పు తెచ్చే పత్రం) అమ్మబోయే ముందు, పరువు పోతుందని చెప్పి రెండు కంపెనీలకు 140 కోట్ల షిల్లింగులు కట్టింది. అంటే మోసమని ఊరంతా తెలిసిన తర్వాత, పదేళ్లకు, డబ్బు ఇచ్చారు. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా భయంకరమైన పేజీ ఇదే. అది మీ చేతిలోని పుస్తకంలో లేదు, ఉండే వీలు లేదు. విలేకరి పుస్తకం కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఏ ఏడాది వచ్చిందన్నదే.

ఇక బాబాయి గారి మాట. ఆయన్ని తీసిపారేయకండి, సగం నిజం చెప్పారు.

నేను ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో విదేశీ వార్తలు చూసినవాణ్ని. ఏజెన్సీ నుంచి ఆఫ్రికా వార్త వస్తే దానికి మా పేజీలో దొరికే చోటు అడుగున సింగిల్ కాలమ్. పడవ మునక, సైనిక తిరుగుబాటు, కరవు. చచ్చినవాళ్ల సంఖ్య తక్కువైతే అదీ ఉండదు, అమెరికా వార్త రాగానే ఎగిరిపోతుంది. దేశం పేరు తప్ప ఊరి పేరు కూడా మిగలనిచ్చేవాళ్లం కాదు. లండన్, న్యూయార్క్ డెస్కుల పరిస్థితి ఇంతకన్నా మహా గొప్పగా ఏమీ ఉండదు, కాకపోతే వాళ్లకు పంపించడానికి సొంత మనిషి ఉంటాడు. ఒక్కో విలేకరి నెత్తిన పది, పదిహేను దేశాలు. నిన్న కిన్షాసా, రేపు అబిడ్జాన్, ఎల్లుండి ఇంకేదో. ఆరువందల మాటల్లో తేల్చమంటారు. చూసినదాంట్లో ముప్పాతిక భాగం నోట్‌బుక్కులోనే ఉండిపోతుంది. అది కడుపులో పెట్టుకోలేక కొందరు ఉద్యోగం వదిలి పుస్తకాలకు దిగుతారు. రాంగ్ అలాంటి మనిషే. రాయిటర్స్‌లో మొదలుపెట్టి, బీబీసీకి, ఫైనాన్షియల్ టైమ్స్‌కు రాసి, 1997లో జైర్‌లో (ఇప్పటి కాంగో) నియంత మొబుటు పాలన కూలిపోవడం కళ్లారా చూసి, 2000లో దాని మీద మొదటి పుస్తకం తెచ్చింది.

ఆ పుస్తకం ‘ఇన్ ది ఫుట్‌స్టెప్స్ ఆఫ్ మిస్టర్ కర్ట్జ్’ మొదలయ్యేది ఎక్కడనుకుంటున్నారు? జైర్ రాజధాని కిన్షాసాలో ఒక పెద్ద హోటల్లో! బాబాయి గారికి చెప్పండి, సంతోషిస్తారు. అయితే అది హోటల్లో ఆగిపోదు. 32 ఏళ్లు ఏలిన మొబుటు తన సొంతూరు బడోలిటే అడవిలో కాంకర్డ్ విమానం దిగేంత రన్‌వే వేయించుకోవడం అందరూ రాసిందే. నాకు గుర్తుండిపోయింది వేరే. కిన్షాసాకూ నది అవతలి దేశంలోని బ్రాజవిల్‌కూ మధ్య తిరిగే ఫెర్రీలో, పోలియో వచ్చి కాళ్లు పోయినవాళ్లు వ్యాపారం చేస్తారు. వికలాంగులకు చార్జీలో రాయితీ ఉంది, కస్టమ్స్ వాళ్లు కూడా చూసీచూడనట్టు వదిలేస్తారు. దాంతో మూడు చక్రాల బండిని వెల్డింగ్ చేయించి పెద్దది చేసుకుని, సీటు కింద, వెనక, పక్కన సరుకు నింపుకుని నది దాటుతారు. తోయడానికి ఇద్దరు మనుషులు, వాళ్లూ సహాయకుల లెక్కలోకే వస్తారు. ప్రభుత్వమన్నదే కరిగిపోయిన చోట జనం ఎలా బతుకుతారన్నది ఆ బండి చూస్తే తెలుస్తుంది. హోటల్లోంచి కదలని మనిషికి ఇది దొరకదు. పైగా ఆ పుస్తకంలో దోషులు మొబుటు, ఆయన మనుషులు మాత్రమే కారు. వలస రోజుల బెల్జియం రాజు దగ్గర్నుంచి సీఐఏ, ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు దాకా అందరి పద్దులూ తీసింది. కెన్యా పుస్తకంలోనూ అంతే. దొంగతనం తెలిసి కూడా అప్పులిస్తూ పోయిన దాతల మీద ఆవిడ కోపం మంత్రుల మీది కోపానికి తీసిపోదు. ప్రపంచ బ్యాంకు ప్రతినిధి ఆ రోజుల్లో అధ్యక్షుడి కుటుంబానికి చెందిన ఇంట్లో అద్దెకు ఉండేవాడంటే ఇంకేం చెప్పాలి?

బాబాయి గారి మాటలో నిజమైన సగం ఏమిటంటే, ఈ రకం పుస్తకాలన్నీ ఇలా ఉండవు. పోలండ్ విలేకరి కపుశ్చిన్‌స్కీ ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ మీద 1978లో రాసిన పుస్తకం ప్రపంచమంతా మెచ్చుకుంది. అందులో కోట సేవకులు పేర్లు లేకుండా మాట్లాడతారు, అందరూ ఒకే అలంకార భాషలో, ఒకే గొంతుతో. ఆయన పోయాక 2010లో వచ్చిన జీవిత చరిత్ర, ఆయన రాతల్లో చూసిందెంత, ఊహించిందెంత అని నిలదీసింది. చదవడానికి అద్భుతం, సాక్ష్యంగా పనికిరాదు. ఇలాంటి రాతల్ని ఎగతాళి చేస్తూ కెన్యా రచయిత బిన్యవంగ వైనైనా 2005లో ఆఫ్రికా గురించి ఎలా రాయాలో చెబుతున్నట్టు ఒక వ్యంగ్య వ్యాసం రాశాడు. సూర్యాస్తమయం, ఆకలి, ఏనుగులు ఉండాలి, మామూలు ఇంట్లో మామూలు మనుషులు ఉండకూడదు, ఆ ధోరణిలో. చిన్నదే, దొరికితే చదవండి. ఆ తర్వాత ఏ విలేకరి పుస్తకం తెరిచినా మీకే తెలిసిపోతుంది.

నేను ఒకటి చూస్తాను: ప్రతి సంగతీ ‘తెగ’ దగ్గరికొచ్చి ఆగిపోతోందా? రేపెవరైనా విదేశీ విలేకరి వచ్చి ఆంధ్రప్రదేశ్ రాజకీయాలంటే కమ్మ, రెడ్డి, కాపు అని చెప్పి పుస్తకం ముగించాడనుకోండి. అబద్ధమా అంటే కాదు. చాలా అంటే చాలదు. రాయలసీమ నీళ్లు, రాజధాని భూములు, సినిమా, కాంట్రాక్టులు, పింఛన్లు ఏమైపోయాయి? కెన్యాలో 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత 1,100 మందికి పైగా చనిపోయారు, ఆరు లక్షల మంది దాకా ఇళ్లు వదిలిపోయారు. దాన్ని కికుయు, కలెంజిన్, లువో తెగల కొట్లాట అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ రిఫ్ట్ వ్యాలీలో బ్రిటిష్ వాళ్లు లాక్కున్న భూములు స్వాతంత్ర్యం తర్వాత ఎవరి చేతికి వెళ్లాయి, ఎవరు కొనుక్కున్నారు, ఎవరు ‘ఇది మా తాతల నేల’ అంటూ మిగిలిపోయారు అన్నది తెలియకపోతే ఆ ముక్క ఎందుకూ కొరగాదు. రాంగ్ పుస్తకంలో ఈ చరిత్ర కొంత ఉంది. అయినా గెలిచిన తెగ తినడం, ఓడినది ఎదురుచూడటం అన్నదే దాని ఇరుసు. పేరులోనే ఉంది కదా, ఈసారి తినే వంతు మాదని. అంత పదునైన పేరు పెట్టుకున్నాక ప్రతి సంఘటనా దాని చుట్టూనే తిరగడం మొదలవుతుంది. ఆ పుస్తకంలో నాకు నచ్చనిది ఏదైనా ఉందంటే ఇదే.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ‘వాళ్లు అంతే’ అనుకోవడానికి వీల్లేకుండా ఆ కథల్లో భారత సంతతి వ్యాపారులూ ఉన్నారు. అంతకుముందు 1990ల మొదట్లో, కెన్యాలో పెద్దగా దొరకని బంగారాన్ని ఎగుమతి చేసినట్టు చూపించి ఖజానా నుంచి ప్రోత్సాహకాలు గుంజిన గోల్డెన్‌బర్గ్ కుంభకోణంలో అందరికన్నా ఎక్కువ వినబడిన పేరు కమలేశ్ పట్నీ. ఇంకో పక్క చూస్తే, ఇవాళ్టి ‘స్టాండర్డ్’ పత్రికను 1902లో మొంబాసాలో మొదలుపెట్టింది కరాచీ నుంచి వెళ్లిన ఎ.ఎం. జీవన్‌జీ. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లి, 1965లో నైరోబీలో కాల్చి చంపబడ్డ జర్నలిస్టు పియో గామా పింటో గోవా కుటుంబం వాడు. అక్కడి ఆసియా మూలాల వాళ్లను 2017లో దేశపు 44వ తెగగా ప్రభుత్వం గుర్తించింది. మీరు రేపు ఆఫీసులో అడుగుపెట్టగానే అక్కడివాళ్ల కంటికి ఈ చరిత్రంతా మీ వెనకాల నిలబడి ఉంటుంది.

విలేకరి గురించి మరో మాట. రాంగ్ రాసి లండన్‌లో ఉంటుంది. పుస్తకం వచ్చినప్పుడు నైరోబీ పుస్తకాల షాపులు పరువునష్టం దావాలకు భయపడి దాన్ని పెట్టుకోలేదు. సిగ్నళ్ల దగ్గర కుర్రాళ్లు చేత్తో పట్టుకుని కారు అద్దాల్లోంచి అమ్మారు. ప్రభుత్వం నిషేధించలేదు, ఎవరూ అమ్మరంతే. ఎరిత్రియా మీద 2005లో ఇంకో పుస్తకం రాసింది. అక్కడ 2001 సెప్టెంబర్‌లో ప్రైవేటు పత్రికలన్నీ మూయించి సంపాదకుల్ని, విలేకరుల్ని తీసుకెళ్లారు. కోర్టు లేదు, విచారణ లేదు, చాలామంది జాడ ఇవాళ్టికీ తెలియదు. వాళ్లు రాయలేనిది బయటి మనిషి రాయగలుగుతుంది, అది ఈ రకం పుస్తకాల బలం. కానీ బయటివాళ్ల పుస్తకమే మొత్తం అనుకుంటే, లోపల ఉండి మూల్యం చెల్లించినవాళ్లు కనబడకుండా పోతారు. విదేశీ విలేకరిని కారులో తిప్పి, దుబాసీగా ఉండి, ఫోన్ నంబర్లు ఇచ్చిన స్థానిక విలేకరి పేరు చాలా పుస్తకాల్లో చివరి కృతజ్ఞతల పేజీలో ఉంటే గొప్ప. నేను ఆ పేజీ ముందు చదువుతాను. అక్కడ ఎంతమంది స్థానికులున్నారో చూస్తే పుస్తకం ఎలా తయారైందో సగం తెలుస్తుంది.

లోపలివాళ్లలో మీరు మొదలుపెట్టాల్సింది కెన్యా రచయిత గూగీ వా థియాంగోతో. తెలుగులోనే దొరుకుతాడు. తన భాషలో నాటకం ఆడించినందుకు విచారణ లేకుండా జైల్లో పెడితే, టాయిలెట్ కాగితాల మీద రాసిన నవలను వరవరరావు తను జైల్లో ఉండి ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. అందులో దొంగల పోటీ సభ జరుగుతుంది, ఎవరు పెద్ద దొంగో తేల్చడానికి. అది 1980 నాటి పుస్తకం, ఆంగ్లో లీజింగ్ ఊసే లేదు, అయినా చదువుతుంటే మీకు తెలిసిన ముఖాలే కనబడతాయి. తర్వాత ఎం.జి. వాసంజీ నవల ‘ది ఇన్‌బిట్వీన్ వరల్డ్ ఆఫ్ విక్రమ్ లాల్’. రైలు కట్టడానికి పంజాబు నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన కుర్రాడు పెద్దవాళ్ల డబ్బును అటూ ఇటూ చేరవేసే మధ్యవర్తిగా ఎలా తయారయ్యాడన్నది కథ. నిజం చెప్పాలంటే మీ భయానికి సరిపోయే పుస్తకం అది, రాంగ్‌ది కాదు. చెడ్డవాడు కాకుండానే, ఒక్కో సంతకం పెట్టుకుంటూ ఎక్కడిదాకా పోవచ్చో అందులో ఉంది.

మధ్యలో దేశం కూడా మారింది. 2010లో కొత్త రాజ్యాంగం, 47 కౌంటీలు. 2017లో అధ్యక్ష ఎన్నికను అక్కడి సుప్రీంకోర్టు రద్దు చేసింది, ఆఫ్రికాలో అలా జరగడం అదే మొదలు. 2024 జూన్‌లో పన్నులు పెంచే బిల్లు మీద కుర్రకారు వీధుల్లోకొచ్చి పార్లమెంటులోకి దూసుకుపోయారు. కాల్పుల్లో పదుల మంది చనిపోయారు, అధ్యక్షుడు రూటో బిల్లు వెనక్కి తీసుకున్నాడు. వాళ్లలో ఎక్కువమంది మా తెగ ఏదని అడగొద్దన్నారు. 2009 పుస్తకం చదివి 2024 నైరోబీ అర్థం కావాలంటే ఎలా? వెళ్లేలోపు రోజూ పొద్దున్నే అక్కడి పత్రికలు ‘నేషన్’ గానీ ‘స్టాండర్డ్’ గానీ ఒక పావుగంట చూడండి. బిజినెస్ పేజీ వదలకండి.

ఇప్పుడు ఉద్యోగం. మందుల పంపిణీ కంపెనీ అన్నారు. అయితే వాళ్ల అమ్మకాల్లో ప్రభుత్వం వాటా ఎంతో ఇంటర్వ్యూలో అడగండి. కెన్యాలో సర్కారు మందులు కొనేది కెంసా అనే సంస్థ. 2020లో కోవిడ్ సరుకుల కొనుగోళ్లలో దాని పేరు ఎలా మారుమోగిందో వెతికి చదవండి, రాంగ్ పుస్తకం కన్నా మీకు దగ్గరి సంగతి అది. ప్రభుత్వం దగ్గర ఇరుక్కున్న పాత బకాయిలు, అక్కడ ‘పెండింగ్ బిల్స్’ అంటారు, కంపెనీకి ఎంత ఉన్నాయో అడగండి. కౌంటీ ఆస్పత్రులకు సరుకిచ్చి ఏళ్ల తరబడి తిరిగే సప్లయర్లు చాలామంది. బిల్లు కదలడానికి ‘ఖర్చులు’ ఏ హెడ్డు కింద పడతాయన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. బ్యాంకు సంతకం మీదా, యజమానిదా? ఆడిటర్ ఎవరు, ఎన్నేళ్లుగా ఉన్నారు? మీకు ముందున్న మనిషి ఎందుకు మానేశాడు? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆఫర్ లెటర్ పక్కన పెట్టేయండి. ఇవి నైరోబీ కోసమే అడగాల్సినవి కూడా కావు, బాలానగర్‌లో చేరినా అడగాల్సినవే. వర్క్ పర్మిట్ చేతికి రాకుండా ‘ముందు విజిటర్‌గా వచ్చేయండి, ఇక్కడ చూసుకుందాం’ అంటే మాత్రం ఒప్పుకోకండి.

మీ ఆవిడ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. నైరోబీలోని వెస్ట్‌గేట్ మాల్ మీద 2013లో ఉగ్రవాదులు దాడి చేసి 67 మందిని చంపారు, ఆవిడ అది చదివే ఉంటుంది. రోజువారీ బతుకులో సమస్య మాత్రం దొంగతనాలు, చీకటి పడ్డాక రోడ్లు. పార్క్‌ల్యాండ్స్, వెస్ట్‌ల్యాండ్స్ వైపు మనదేశం వాళ్లు తరతరాలుగా ఉన్నారు, గుళ్లు, బళ్లు, కూరగాయలు అన్నీ ఉన్నాయి. అక్కడ ఉంటున్న తెలుగు కుటుంబంతో, మీరు కాకుండా, ఆవిడనే ఫోన్లో మాట్లాడనివ్వండి. మొదటి ఆరు నెలలు మీరొక్కరే వెళ్లి చూసుకోండి. వచ్చే ఎన్నికలు 2027 ఆగస్టులో. ఇంటిల్లిపాదీ ఇండియా రావడానికి సెలవు ఆ రోజులకు పెట్టుకుంటే సరి.

బాబాయి గారితో పుస్తకాల మీద వాదన పెట్టుకోకండి. ఆయన్ని కూర్చోబెట్టి దార్ సంగతులు చెప్పించండి. టాంజానియాలో తెగల గొడవ ఎందుకు అంతగా లేదు, ఆ దేశం తొలి అధ్యక్షుడు న్యెరేరే ఏం చేశాడు, స్వాహిలీ ఎలా నేర్చుకున్నారు, ఇళ్లు జాతీయం చేసినప్పుడు గుజరాతీలు ఏమయ్యారని పెద్దలు చెప్పుకునేవాళ్లు. ఒక సాయంత్రం సరిపోదు. ఏ విలేకరి పుస్తకంలోనూ లేనివి నాలుగైనా దొరుకుతాయి.

కిగాలీ టూర్ల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. రాంగ్ 2021లో రాసిన ‘డు నాట్ డిస్టర్బ్’ రువాండా గురించి. ఆ దేశం విదేశీ గూఢచారి విభాగానికి అధిపతిగా చేసి, తర్వాత అధ్యక్షుడు కగామేకు ఎదురుతిరిగిన పాట్రిక్ కరెగేయా 2014 జనవరి 1న జోహన్నెస్‌బర్గ్ హోటల్ గదిలో శవమై దొరికాడు. తలుపుకు వేలాడుతున్న బోర్డు మీది మాటే పుస్తకం పేరు. 2019లో దక్షిణాఫ్రికా ఇద్దరు రువాండా పౌరుల మీద అరెస్టు వారెంట్లు ఇచ్చింది. తమకు సంబంధం లేదని రువాండా అంటుంది. 1994 నరమేధాన్ని ఆపిన వీరులుగా కగామే బృందాన్ని మెచ్చుకున్న పాశ్చాత్య విలేకరుల్లో రాంగ్ కూడా ఉంది. ఈ పుస్తకంలో ఆ మెప్పునే మళ్లీ పరీక్షకు పెట్టింది. ప్రవాసంలో ఉన్న వ్యతిరేకుల మాట ఎక్కువ విన్నదని విమర్శలు వచ్చాయి, అందులో కొంత న్యాయముంది. కిగాలీ శుభ్రంగా ఉంటుంది, అర్ధరాత్రి కూడా నిశ్చింతగా నడవచ్చంటారు, అక్కడి ఆఫీసువాళ్లు కగామే గురించి మీరడిగితే నవ్వి మాట మార్చేస్తారు. మీరూ మార్చేయండి. ఆ పుస్తకం బ్యాగులో పెట్టుకుని విమానం ఎక్కొద్దు, కూకట్‌పల్లిలో ఉండగానే చదివేసి వెళ్లండి.